సీ భాషలో స్ట్రింగ్ కాపీ: మిగిలిన బైట్లకు పూచీ ఎవరిది?

2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక కేసు బయటపెట్టారు. 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు పోగేసి అమ్ముతున్న ఒక మనిషి దొరికాడు. డేటా లీకు అనగానే మనకు గుర్తొచ్చేది ఇలాంటిదే. ఒకడు ఎత్తుకుపోతాడు, ఇంకొకడు కొంటాడు. ఇది కాక రెండో రకం లీకు ఒకటుంది. అందులో ఎవరూ తాళం పగలగొట్టరు. పేరు చెప్పమని అడిగితే ప్రోగ్రామే పేరుతోపాటు పక్కనున్న మెమరీని కూడా అడిగినవాడి చేతిలో పెడుతుంది. దీనికి కారణం చాలాసార్లు ఒక్క వాక్యం. సీ భాషలో రాసిన ఒక స్ట్రింగ్ కాపీ.

ఈ ప్రశ్న హైదరాబాద్‌కు దూరపు చుట్టం కాదు. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే మైక్రోసాఫ్ట్ ఇక్కడ తన డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీలకు ఈ ఊళ్లో పెద్ద ఆఫీసులున్నాయి. ఇక్కడి ఐటీ కారిడార్‌లో ఎక్కువమంది జావా, పైథాన్ మీద బతుకుతున్నా, డ్రైవర్లు, ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి భాగాలు రాసేవాళ్లకు ఇప్పటికీ అన్నం పెట్టేది సీ భాషే. వాళ్ల కోడ్ ప్రపంచమంతా జేబుల్లో తిరుగుతుంది. అందుకే ఈ విషయంలో ఇప్పటిదాకా తేలిందేమిటో, తేలనిదేమిటో ఒకచోట పెట్టి చూడాలి.

నా వాదన ముందే చెబుతాను. ప్రతి కాపీకీ మూడు ప్రశ్నలుంటాయి. రాసే చోట ఎంత జాగా ఉంది? చదివే చోట ఎంతవరకు చదవొచ్చు? రాయగా మిగిలిన చోట ఏముంది? మొదటి ప్రశ్న మీద ముప్పై ఏళ్లకు పైగా పోట్లాడాం. రెండోదాన్ని ఆలస్యంగా పట్టించుకున్నాం. మూడోదాన్ని ఇప్పటికీ చాలామంది అడగరు. లీకులు పుట్టేది ఎక్కువగా ఆ మూడో ప్రశ్న దగ్గరే.

ఎనిమిది బైట్లు, మూడు ఊళ్లు

ఒక 8 బైట్ల బఫర్ తీసుకుందాం. అందులో ఊరి పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. సీలో స్ట్రింగ్ ఎక్కడ ముగిసిందో చెప్పేది చివర ఉండే నల్, అంటే సున్నా బైటు. దానికీ ఒక గడి కావాలి. కోఠి రాస్తే 4 అక్షరాలు, నల్‌తో 5. మాదాపూర్‌కు సరిగ్గా 8, నల్‌కు చోటు లేదు. గచ్చిబౌలికి 10.

స్ట్రింగు కాపీ చేసే పాత ఫంక్షన్ స్ట్ర్‌కాపీకి బఫర్ సైజు తెలియదు. మాదాపూర్ రాస్తే నల్ వెళ్లి తొమ్మిదో బైటులో పడుతుంది. గచ్చిబౌలి రాస్తే మూడు బైట్లు పక్కవాడి జాగాలోకి పోతాయి. ఇది మొదటి ప్రశ్న దగ్గరే ఫెయిల్.

స్ట్ర్‌ఎన్‌కాపీకి సైజు చెప్పొచ్చు. కోఠి రాసి, మిగిలిన చోటంతా సున్నాలతో నింపుతుంది. మంచిదే. కానీ మాదాపూర్ రాస్తే ఎనిమిది అక్షరాలూ నింపి, నల్ పెట్టకుండా వదిలేస్తుంది. గచ్చిబౌలికీ అంతే. తర్వాత ఆ పేరును ప్రింట్ చేసే ఫంక్షన్ నల్ కోసం వెతుక్కుంటూ పక్క ఫీల్డులోకి వెళ్లిపోతుంది. ఆ పక్క ఫీల్డు పాస్‌వర్డ్ అయితే ఊరి పేరు వెనకాలే పాస్‌వర్డ్ కూడా లాగ్ ఫైల్లో కనిపిస్తుంది. అసలు ఈ ఫంక్షన్ స్ట్రింగుల కోసం పుట్టలేదు. పాత యునిక్స్‌లో డైరెక్టరీలో ఫైలు పేరుకు 14 బైట్ల గడి ఉండేది. చిన్న పేరైతే సున్నాలతో నింపాలి, పూర్తి 14 అక్షరాలైతే నల్ అక్కర్లేదు. ఆ పనికి అది సరిగ్గా సరిపోయింది. పేరులో స్ట్రింగ్ ఉందని దాన్ని స్ట్ర్‌కాపీకి సురక్షితమైన అన్నగా అనుకోవడం మన పొరపాటు.

స్ట్ర్‌ఎల్‌కాపీ ఎప్పుడూ నల్ పెడుతుంది. మాదాపూర్‌ను ఏడు అక్షరాలకు కత్తిరించి, అసలు పొడవు 8 అని తిరిగి చెబుతుంది. ఆ అంకె చూసి పేరు తెగిందని మనం తెలుసుకోవాలి. కానీ ఆ అంకె చెప్పడానికి సోర్సును చివరిదాకా చదువుతుంది. సోర్సుకే నల్ లేకపోతే ఎంతదూరం పోతుందో తెలియదు. అంటే రెండో ప్రశ్నకు జవాబు లేదు. కోఠి తర్వాతి మూడు బైట్లను కూడా అది ముట్టుకోదు.

లినక్స్ కెర్నెల్‌లో ఉన్న స్ట్ర్‌ఎస్‌కాపీ బఫర్‌కు సరిపడినంతే చదువుతుంది, నల్ పెడుతుంది, పేరు తెగితే నెగటివ్ ఎర్రర్ ఇస్తుంది. మొదటి రెండు ప్రశ్నలకూ ఇది గట్టి జవాబు. మూడోదానికి మాత్రం అదీ మౌనమే. మిగిలిన చోటును సున్నాలతో నింపే పని దాని తర్వాత వచ్చిన స్ట్ర్‌ఎస్‌కాపీ ప్యాడ్ చేస్తుంది.

మొదటి ప్రశ్న చుట్టూ ముప్పై ఏళ్లు

1988 నవంబర్ 2న మోరిస్ వార్మ్ ఇంటర్నెట్‌ను కుదిపింది. అది పట్టుకున్న దారుల్లో ఒకటి ఫింగర్ సర్వర్‌లోని గెట్స్ ఫంక్షన్. 512 బైట్ల బఫర్‌లోకి ఎంత పంపితే అంత చదివేసింది. ఆ గెట్స్‌ను సీ ప్రమాణం నుంచి పూర్తిగా తీసేసింది 2011లో. మధ్యలో 23 ఏళ్లు గడిచాయి.

1998లో టాడ్ మిల్లర్, థియో డి రాట్ ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం స్ట్ర్‌ఎల్‌కాపీ తెచ్చారు. లినక్స్ వాడే గ్లిబ్‌సీ లైబ్రరీ దాన్ని చేర్చుకోవడానికి ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. స్ట్రింగును చప్పుడు లేకుండా కత్తిరించడం కూడా తప్పే, అది ప్రోగ్రామర్ బద్ధకాన్ని దాచిపెడుతుందన్నది అభ్యంతరం. ఆ మాటలో నిజం ఉంది. ఫైలు పాత్ మధ్యలో తెగితే ప్రోగ్రాం వేరే ఫైలు తెరవొచ్చు. అయినా మెమరీ చెడిపోవడం కన్నా పేరు తెగడం చిన్న నష్టమన్న వాదనే చివరికి నెగ్గింది. 2023లో వచ్చిన గ్లిబ్‌సీ 2.38లో స్ట్ర్‌ఎల్‌కాపీ చేరింది. విచిత్రం ఏమిటంటే లినక్స్ కెర్నెల్ సరిగ్గా అప్పుడే దాన్ని వదిలించుకుంటోంది. 2015లో వచ్చిన స్ట్ర్‌ఎస్‌కాపీకి ఒక్కొక్క ఫైలూ మారుస్తూ వచ్చి, 2024లో 6.8 వెర్షన్‌తో స్ట్ర్‌ఎల్‌కాపీని తీసేసింది. రెండు బృందాలూ చెరో దారిన పోయినట్టు కనిపిస్తుంది గానీ, కెర్నెల్ వాళ్లను కదిలించింది రెండో ప్రశ్న. యూజర్ ప్రోగ్రాం నుంచి వచ్చిన సోర్సును చివరిదాకా నమ్మి చదవడం కెర్నెల్‌కు కుదరదు.

మైక్రోసాఫ్ట్ మూడో దారి పట్టింది. 2002 జనవరిలో బిల్ గేట్స్ సెక్యూరిటీకి పెద్దపీట వేయాలని ఉద్యోగులకు రాసిన మెమో తర్వాత, వాడకూడని ఫంక్షన్ల జాబితా ఒకటి తయారైంది. స్ట్ర్‌కాపీ, స్ట్ర్‌క్యాట్ వాటి ఎన్ రూపాలతో సహా అందులోకి చేరాయి. వాటి స్థానంలో వచ్చిన స్ట్ర్‌కాపీ ఎస్ సైజు అడుగుతుంది, సరిపోకపోతే మామూలుగా ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. ఈ కుటుంబం 2011 సీ ప్రమాణంలో ఐచ్ఛిక అనుబంధంగా చేరింది. కానీ గ్లిబ్‌సీ దాన్ని తీసుకోలేదు, మైక్రోసాఫ్ట్ బయట అది పెద్దగా వేళ్లూనలేదు. ఆ అనుబంధం ప్రకారం నల్ తర్వాత మిగిలిన గడుల్లో ఏముంటుందో చెప్పలేం. పేరులో భద్రత ఉంది, మూడో ప్రశ్నకు జవాబు లేదు.

ఒకే లీకు, రెండుసార్లు

మూడో ప్రశ్న ఎంత ఖరీదైనదో చూపడానికి లినక్స్ చరిత్రలో ఒక ఉదాహరణ చాలు. కెర్నెల్‌లో ఏయే ఎన్‌క్రిప్షన్ పద్ధతులున్నాయో యూజర్ ప్రోగ్రాములకు చెప్పే భాగం ఒకటుంది. అడిగితే ఒక స్ట్రక్చర్ నింపి పంపుతుంది. అందులో రకం రాసే ఫీల్డు 64 బైట్లు. అక్కడ రాసే మాట సైఫర్. ఇంగ్లిష్‌లో 6 అక్షరాలు, నల్‌తో 7. మిగిలినవి 57 బైట్లు.

ఆ 57 బైట్లు ఖాళీగా ఉండవు. ఫంక్షన్ లోపల ప్రకటించిన స్ట్రక్చర్‌కు స్టాక్ మీద చోటు దొరుకుతుంది. అంతకుముందు అదే చోట వేరే ఫంక్షన్ తన పని చేసుకుని వెళ్లిపోయి ఉంటుంది. అద్దె ఇంట్లో పాతవాళ్లు అల్మారాలో వదిలేసిన కాగితాల్లాగా దాని విలువలు అక్కడే పడి ఉంటాయి. స్ట్రక్చర్ మొత్తాన్ని యూజర్ ప్రోగ్రామ్‌కు కాపీ చేసినప్పుడు సైఫర్ అన్న మాటతోపాటు ఆ కాగితాలూ వెళ్లిపోతాయి.

2013లో మథియాస్ క్రౌసే ఈ లీకును పట్టుకున్నాడు. అప్పటి కోడ్ మిగిలిన చోటు ముట్టుకోని ఫంక్షన్లతో స్ట్రింగులు రాస్తోంది. ఆయన వాటిని స్ట్ర్‌ఎన్‌కాపీకి మార్చాడు. అది సున్నాలు నింపుతుంది గనక లీకు ఆగింది. 2017లో అదే భాగంలో పేర్ల పొడవు పెంచే పనిలో భాగంగా స్ట్ర్‌ఎన్‌కాపీల స్థానంలో స్ట్ర్‌ఎల్‌కాపీలు వచ్చాయి. చూసేవాళ్లకు పాత ప్రమాదకరమైన ఫంక్షన్ పోయి కొత్త మంచి ఫంక్షన్ వచ్చినట్టే కనిపిస్తుంది. సున్నాలు మాత్రం పోయాయి. లీకు తిరిగొచ్చింది. ఈసారి ఇంకా చేటు, మొదటిసారి ప్రత్యేక అనుమతి ఉన్న ప్రోగ్రాముకే దొరికిన సమాచారం ఇప్పుడు అనుమతి లేనివాళ్లకూ దొరికింది. 2018లో ఎరిక్ బిగ్గర్స్ దాన్ని గుర్తించి మళ్లీ స్ట్ర్‌ఎన్‌కాపీకి తిప్పాడు. 4.19.3 వెర్షన్‌తో ఆ సవరణ అందరికీ అందింది. కోఠి తర్వాతి గడులనూ సున్నాలతో నింపే స్ట్ర్‌ఎస్‌కాపీ ప్యాడ్ 2019లో 5.2 వెర్షన్‌తో వచ్చింది.

ఈ కథలో అజాగ్రత్తపరులు ఎవరూ లేరు. అందరూ అనుభవజ్ఞులే. మంచి ఫంక్షన్, చెడ్డ ఫంక్షన్ అని పేర్లతో ఆలోచించడం వల్ల జరిగిన నష్టం ఇది. ఒక చోట ప్రమాదమైన స్ట్ర్‌ఎన్‌కాపీ మరో చోట రక్షణ గోడ. ఏ ఫంక్షన్ వాడాలో నిర్ణయించేది ఆ బఫర్ ఎక్కడికి పోతుందన్నది. ప్రోగ్రాం లోపలే ఉండే స్ట్రింగు వేరు. కెర్నెల్ నుంచి యూజర్‌కు, సర్వర్ నుంచి నెట్‌వర్క్‌కు, అంటే సరిహద్దు దాటే స్ట్రింగు వేరు.

లీకయిన నాలుగు బైట్లు దేనికి పనికొస్తాయి?

కోడ్ రివ్యూలో తరచూ వినిపించే మాట ఒకటుంది. కొన్ని చెత్త బైట్లు బయటికిపోతే నష్టమేమిటి? దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది నేరుగా రహస్యాలే పోవడం. 2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్ దీనికి పెద్ద సాక్ష్యం. ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీకి ఒక చిన్న సందేశం పంపి, దీని పొడవు 64 కిలోబైట్లు, తిరిగి పంపు అంటే అది నమ్మేది. మెమ్‌కాపీ ఆ పొడవు ప్రకారం పక్క మెమరీనంతా చుట్టి పంపేది. పాస్‌వర్డులు, సర్వర్ల ప్రైవేట్ కీలు అలా బయటపడే ప్రమాదం వచ్చింది. చదివే చోట ఎంతవరకు చదవొచ్చన్న రెండో ప్రశ్నను ఎదుటివాడికే వదిలేసిన ఫలితం అది.

రెండోది ఇంకా లోతైనది. ఆధునిక ఆపరేటింగ్ సిస్టములు కోడ్‌ను, డేటాను ప్రతి బూట్‌లో కొత్త అడ్రసుల్లో పెడతాయి. దాడి చేసేవాడికి ఏది ఎక్కడుందో తెలియకూడదని. ఆ చెత్త బైట్లలో ఒక కెర్నెల్ పాయింటర్ ఉందంటే ఆ రక్షణ పోయినట్టే. 2020 అక్టోబర్‌లో గూగుల్ ఇంజినీర్ ఆండీ గుయెన్ బయటపెట్టిన బ్లీడింగ్‌టూత్ దాడిలో జరిగింది ఇదే. లినక్స్ బ్లూటూత్ కోడ్ ఒక జవాబు స్ట్రక్చర్‌లో రెండు ఫీల్డులు మాత్రం నింపి, మిగిలిన 16 బైట్లు నింపకుండా పంపేది. బ్లూటూత్ అందేంత దూరంలో ఉన్న ఎవరైనా పెయిరింగ్ లేకుండానే ఆ 16 బైట్లను అడిగి తీసుకోవచ్చు. వాటితో కెర్నెల్ అడ్రసులు తెలిశాయి, ఇంకో లోపంతో కలిపితే మెషిన్ మొత్తం చేజిక్కింది. సవరణ ఏమిటి? స్ట్రక్చర్ నింపే ముందు దాన్ని సున్నాలు చేసే ఒక మెమ్‌సెట్.

ఇక్కడ స్ట్రింగు లేకుండా కూడా లీకు పుట్టొచ్చని గమనించాలి. ఒక బైటు ఫీల్డు తర్వాత నాలుగు బైట్ల ఫీల్డు వస్తే కంపైలర్ మధ్యలో మూడు బైట్ల ఖాళీ వదులుతుంది. ప్రతి ఫీల్డూ పేరుపేరునా నింపినా ఆ ఖాళీలోకి ఎవరూ పోరు. అందుకే సరిహద్దు దాటే స్ట్రక్చర్‌ను ముందు మొత్తం సున్నాలు చేసి, ఆ తర్వాతే నింపాలన్నది ఈ రంగంలో ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునే నియమం.

నిషేధ జాబితా చాలదు

2003 ఆగస్టులో బ్లాస్టర్ వార్మ్ విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. అది వాడుకున్న లోపం ఒక సర్వర్ పేరు కాపీ చేసే చోట ఉంది. బ్యాక్‌స్లాష్ కనిపించేదాకా ఒక్కొక్క అక్షరాన్ని కాపీ చేసే చిన్న లూప్ అది. సైజు చూడదు. అందులో స్ట్ర్‌కాపీ అన్న మాటే లేదు గనక, ఫంక్షన్ పేర్లను వెతికే ఏ నిషేధ జాబితాకూ అది చిక్కదు.

ఆ లూప్ మనకు కొత్త కాదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి క్యాంపస్ ఇంటర్వ్యూల దాకా స్ట్ర్‌కాపీని సొంతంగా రాయమని అడిగే ప్రశ్న ఎంత పాతదో అందరికీ తెలుసు. రెండు పాయింటర్లు, ఒక్క లైను వైల్ లూప్. అది రాసినవాడికి మార్కులు పడతాయి. బ్లాస్టర్ వాడుకున్నది ఆ లూప్‌కు తోబుట్టువునే.

యంత్రం చేయగల సాయం

మనిషి మరిచిపోతాడు గనక కంపైలర్‌కు అప్పగించాలన్నది పదేళ్లుగా బలపడిన ఆలోచన. ఫంక్షన్‌లోని లోకల్ వేరియబుల్స్‌ను కంపైలరే సున్నాలతో నింపే ఆప్షన్ క్లాంగ్‌లో 2019 వెర్షన్‌తో, జీసీసీ 12లో 2022తో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇదే ఆలోచనతో ఇనిట్‌ఆల్ తయారుచేసి విండోస్ కెర్నెల్‌కు వాడింది. ఆండ్రాయిడ్ 11 క్లాంగ్ ఆప్షన్‌ను తీసుకుంది. లినక్స్ 5.3 నుంచి హీప్ మెమరీని కూడా ఇచ్చేటప్పుడే సున్నాలు చేసే సౌకర్యం ఉంది. సోర్సు పొడవునే సైజుగా ఇచ్చే పొరపాట్లను, అర్రే సైజు అనుకుని పాయింటర్ సైజు ఇచ్చే పొరపాట్లను కంపైలర్ వార్నింగులు పట్టుకుంటున్నాయి.

అభ్యంతరం వేగం గురించి. ప్రతి బఫర్‌నూ నింపితే టైమ్ పడుతుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లు లక్షల్లో పోయే చోట పెద్ద బఫర్లను నింపడం నిజంగానే భారం. అందుకే ఆ చోట్లను పేరుపెట్టి మినహాయించే వీలు ఈ సౌకర్యాల్లో ఉంది. సరైన క్రమం ఇదే. భద్రత మామూలు నియమం, వేగం కోసం అడిగే మినహాయింపుకు కారణం చూపాలి.

యంత్రం చేటు చేసే చోటు కూడా ఒకటుంది. పాస్‌వర్డ్ వాడటం అయ్యాక ఫంక్షన్ చివర మెమ్‌సెట్‌తో చెరిపేస్తే, ఆ బఫర్‌ను తర్వాత ఎవరూ చదవరు గదా అని ఆప్టిమైజర్ ఆ లైనునే తీసేయొచ్చు. కోడ్‌లో కనిపిస్తుంది, నడిచే ప్రోగ్రామ్‌లో ఉండదు. తీసేయడానికి వీల్లేని ఎక్స్‌ప్లిసిట్ బీజీరో గ్లిబ్‌సీలో 2017లో, అదే పని చేసే మెమ్‌సెట్ ఎక్స్‌ప్లిసిట్ సీ23 ప్రమాణంలో వచ్చాయి.

తెలుగు పేరు తెగితే

కత్తిరింపు గురించి ఇంగ్లిష్ పుస్తకాల్లో తక్కువగా కనిపించే చిక్కు ఒకటి మనకుంది. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు. మాదాపూర్ అని తెలుగులో రాస్తే గుణింతం గుర్తులు, పొల్లుతో కలిపి 8 సంకేతాలు, 24 బైట్లు. మన 8 బైట్ల బఫర్‌లో నల్ పోను 7 బైట్లకు కత్తిరిస్తే మా అన్న రెండు సంకేతాలు పోగా, ద తాలూకు ఒక్క బైటు విరిగి మిగులుతుంది. ఆ విరిగిన బైటును చూసి కొన్ని సాఫ్ట్‌వేర్లు ప్రశ్నార్థకం చూపుతాయి, కొన్ని సందేశం మొత్తాన్ని తిరస్కరిస్తాయి. నల్ పెట్టడంతో ఆగే సురక్షిత ఫంక్షన్ ఏదీ దీన్ని పట్టించుకోదు. తెలుగు పేర్లు మోసే వ్యవస్థలు తెగినట్టు ఎర్రర్ వచ్చినప్పుడు దాన్ని మింగేయకుండా వెనక్కి చెప్పి తీరాలి.

సీని వదిలేస్తే పోదా?

మైక్రోసాఫ్ట్ సరిచేసే సెక్యూరిటీ లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ లోపాలేనని ఆ కంపెనీ ఇంజినీర్లు 2019లో చెప్పారు. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ను మెమరీకి భద్రత ఇచ్చే రస్ట్ లాంటి భాషలకు మార్చుతూ వచ్చాక, మెమరీ లోపాల వాటా 2019లోని 76 శాతం నుంచి 2024కు 24 శాతానికి దిగిందని గూగుల్ ప్రకటించింది. పాత కోడ్ అంతా తిరగరాయకుండానే ఈ ఫలితం వచ్చింది. 2022 చివర లినక్స్ 6.1లోకి రస్ట్ అడుగుపెట్టింది. కొత్తగా మొదలుపెట్టే పని సురక్షిత భాషలో మొదలుపెట్టాలన్న మాటతో నాకు పూర్తి ఏకీభావం. అయితే ఇప్పటికే నడుస్తున్న డ్రైవర్లు, మోడెములు, కార్లలోని యూనిట్లు దశాబ్దాలు సీలోనే ఉంటాయి. వాటిని చూసుకునేవాళ్లలో చాలామంది ఈ కారిడార్‌లోనే ఉన్నారు.

చట్టం కూడా దగ్గరికొచ్చింది. సైబర్ ఘటన జరిగితే 6 గంటల్లో చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. వ్యక్తిగత డేటాకు తగిన రక్షణ తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా అని 2023 డేటా రక్షణ చట్టం అంటోంది. లీకయిన డేటా దొంగ చేతి నుంచి పోయిందా, నింపని స్ట్రక్చర్ నుంచి పోయిందా అన్నది బాధితుడికి అనవసరం.

మార్పు ఎక్కడ మొదలవ్వాలి

మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో టర్బో సీ ఏళ్ల తరబడి రాజ్యమేలింది. డాస్‌లో మెమరీకి కాపలా లేదు. బఫర్ దాటి రాసినా ప్రోగ్రాం చాలాసార్లు నవ్వుతూ నడిచిపోతుంది. గెట్స్, స్ట్ర్‌కాపీ వాడిన ప్రోగ్రాం సరైన అవుట్‌పుట్ ఇస్తుంది, రికార్డులో సంతకం పడుతుంది. ఆ పిల్లలే కొత్త కంపైలర్ దగ్గరికొచ్చి వార్నింగ్ చూసినప్పుడు, దాని నోరు మూయించే మాక్రోను నెట్‌లో వెతికి ఫైలు పైన అతికిస్తారు. తప్పు వాళ్లది కాదు, వాళ్లకు ఆ హెచ్చరిక ఎందుకో చెప్పినవాళ్లు లేరు.

కాబట్టి నేను అడిగేది మూడు చోట్ల మూడు మార్పులు. ల్యాబులో అడ్రస్ శానిటైజర్ పెట్టి కంపైల్ చేయడం మొదటి వారం నుంచే నేర్పాలి. బఫర్ దాటితే ప్రోగ్రాం అక్కడికక్కడే లైను నంబరుతో ఆగిపోవడం విద్యార్థి కళ్లతో చూడాలి. ఇంటర్వ్యూలో ఒక్క లైను స్ట్ర్‌కాపీ అడగడం మానేసి, సైజు తీసుకుని, తెగితే చెప్పి, మిగిలిన చోటు నింపే కాపీ రాయమనాలి. ఆఫీసుల్లో కోడ్ రివ్యూ చేసేవాళ్లు ఫంక్షన్ పేరు మారింది గదా అని తల ఊపకుండా, ఈ బఫర్ ఎక్కడికి పోతుంది, అందులో మనం రాయని బైట్లు ఎన్ని అని అడగాలి.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగులకు రాసిన మెమోలో, సెక్యూరిటీకీ మరో పనికీ పోటీ వస్తే సెక్యూరిటీనే ఎంచుకోమన్నారు. ఆ ఎంపిక పెద్ద సమావేశాల్లో కన్నా రిలీజ్ ముందురోజు ఒక జూనియర్ ఇంజినీర్ పెట్టే రివ్యూ కామెంట్ దగ్గర ఎక్కువసార్లు ఎదురవుతుంది. ఆ కామెంట్ వల్ల బిల్డ్ ఒక పూట ఆలస్యమైతే, ఆ ఆలస్యాన్ని పనిగా లెక్కగట్టి ఆ ఇంజినీర్ పక్కన నిలబడే మేనేజర్లు కావాలి. ముప్పై ఏళ్ల అనుభవం మనకు ఫంక్షన్లు ఇచ్చింది, కంపైలర్ ఆప్షన్లు ఇచ్చింది. మిగిలిన బైట్లకు పూచీ మాత్రం ఇప్పటికీ కాపీ రాసినవాడిదే, దాన్ని చూసి సరేనన్నవాడిది కూడా.